జెడ్ మీద చుక్క

పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడిన ఏడాది, వేసవి ముగిసే రోజుల్లో నన్ను వినుకొండ, నరసరావుపేటల మధ్య రోడ్డు పక్కనున్న ఒక గ్రానైట్ ఎగుమతి యార్డుకు బదిలీ చేశారు. హోదా: లెటరింగ్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ విభాగాల ఇన్‌చార్జి. పేరు పొడుగ్గా ఉందని మురిసిపోవలసిన పనేమీ లేదు. రెండు విభాగాలకు ఇద్దరెందుకు దండగ అని ఒక్కడినే వేశారు. పాలిటెక్నిక్‌లో చదివిన డ్రాయింగుతో ఈ పనిలోకి వచ్చి, అప్పటికే నాలుగైదు యార్డులు తిరిగినవాణ్ణి. యాజమాన్యాల పొదుపు నాకు కొత్త కాదు.

ఆ యార్డులో తయారయ్యేవి సమాధి రాళ్లు. ఈ మాట చెబితే మా బంధువుల్లో కొందరు ముఖం చిట్లించేవారు. అందుకని మా ఆవిడ అడిగినవాళ్లకు 'ఎక్స్‌పోర్ట్ కంపెనీ' అని చెప్పి ఊరుకునేది. ప్రకాశం వైపు క్వారీల నుంచి నల్లరాతి దిమ్మెలు లారీల మీద వస్తాయి. వాటిని పలకలుగా కోసి, ముఖం కనపడేలా పాలిష్ పట్టి, కొలతకు కత్తిరించి, చెక్క పెట్టెల్లో బిగించి యూరప్‌కు పంపుతాం. మామూలుగా రాయి వరకే మనది. పేర్లు వాళ్ల దేశంలో చెక్కుకుంటారు. ఆ ఏడాది పోలండు దేశపు టోకు వ్యాపారి ఒకాయన, పేర్లు కూడా మీరే చెక్కి పంపండి అన్నాడు. కారణం చెప్పలేదు గానీ, మన దగ్గర చేతిపని చవక అన్న సంగతి అందరికీ తెలిసిందే.

పేర్లు రావడంతోనే తలనొప్పి మొదలైంది. అవి ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటాయి, కానీ కావు. జెడ్ మీద చుక్క ఉంటుంది, Ż. అదే జెడ్ మీద చుక్కకు బదులు ఏటవాలు గీత ఉంటే Ź, అది మళ్లీ వేరే అక్షరం. ఎన్ మీద గీత, ఎస్ మీద గీత, ఓ మీద గీత. ఎల్‌కు నడుము మీదుగా ఒక అడ్డగీత, Ł. ఏకు, ఈకి కాలి దగ్గర చిన్న తోక, Ą, Ę. ఇవేవీ అలంకారాలు కావు. ఒక్కొక్కటి ఒక్కో అక్షరం, ఒక్కో పలుకు. మన కంప్యూటర్‌లో ఉన్న అక్షరాల్లో ఇవి లేవు. కొడితే ఖాళీ డబ్బాలు పడేవి. ఆ వ్యాపారి పంపిన అక్షరాల పటం గోడకు అంటించుకుని, చుక్క ఎంత లావుండాలి, గీత ఎంత వాలాలి, అక్షరానికి ఎంత ఎడంగా నిలబడాలి అన్నది ఒక్కొక్కటీ నేనే గీసి, నమూనా పంపి, వాళ్ల ఆమోదం తెప్పించాను. ఆ పేర్ల వాళ్లెవరో, ఎలా పోయారో నాకు తెలియదు. చచ్చిపోయినవాడి పేరు తప్పు చెక్కకూడదన్న మాట మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

చెక్కడం అంటే ఉలితో కాదు. పేరు ఆకారంలో రంధ్రాలు కోసిన రబ్బరు షీటును రాయి మీద అంటించి, గాలి ఒత్తిడితో గరుకు పొడిని చిమ్ముతారు. షీటు కప్పిన చోట పాలిష్ చెక్కుచెదరదు. తెరిచిన చోట రాయి తొలుచుకుపోయి బూడిదరంగు అక్షరం పడుతుంది. అంతకుముందు రాళ్ల మీద పువ్వులు, అంచు గీతలు ఇలాగే వేసిన మస్తాన్ వలి ఈ పని చేసేవాడు. వినుకొండ వాడే, చెయ్యి నిదానం. ఎంత నిదానమైనా ఎప్పుడో ఒకప్పుడు షీటు చిరిగి, చిరిగిన చోట పొడి తగిలి, రాతి మీద అక్కరలేని గుంట పడుతుంది. పడితే మస్తాన్ జీతంలో కోత పడుతుంది.

ఇక్కడే కోటమ్మ సంగతి చెప్పాలి. నల్లరాయి ఎంత మేలైనదైనా దానిలో సహజంగానే సూదిమొనంత గుంటలుంటాయి. రెసిన్ జిగురులో నల్లపొడి కలిపి ఆ గుంటలు పూడ్చి, ఆరాక బ్లేడుతో గీకి, మళ్లీ మెరుపు తెప్పించడాన్ని ప్యాచింగ్ అంటారు. ప్యాచింగ్ బల్ల దగ్గర అందరూ ఆడవాళ్లే. వాళ్లందరికీ పెద్ద కోటమ్మ. బొల్లాపల్లి మండలంలోని ఒక పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. యార్డు పెట్టిన నాటి నుంచీ ఉంది, అయినా ఇంకా లేబర్ కాంట్రాక్టు కిందే. ఈ పోలండు సరుకు సవ్యంగా వెళ్తే ఆమెను పర్మనెంటు చేస్తానని మేనేజర్ శేషగిరిరావు అందరి ముందూ అన్నాడు. పర్మనెంటు అంటే పీఎఫ్, ఆస్పత్రి కార్డు, జబ్బు చేసినా పని పోదన్న భరోసా. రాతిపొడి మింగుతూ బతికే మనిషికి ఆ ఆస్పత్రి కార్డు చిన్న విషయం కాదు. కోటమ్మ ఆ మాట నమ్మింది. పక్క ఊళ్లో ఉన్న చెల్లెలికి కూడా చెప్పుకుందని తర్వాత తెలిసింది.

ఆ బల్ల దగ్గర ఒక ఆచారం ఉండేది, ఏ రూల్సులోనూ లేనిది. మస్తాన్ చేతిలో గుంట పడితే ఆడవాళ్లు చూసి, నోరెత్తకుండా పూడ్చేసేవాళ్లు. వాళ్ల కుర్చీలు విరిగితే, బల్ల దగ్గర లైటు పోతే మస్తాన్ బాగుచేసి పెట్టేవాడు. అతను కోటమ్మను పిన్నీ అని పిలిచేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. రాయి బాగుండటం ముఖ్యం గానీ, ఎవరి చేతిలో గుంట పడిందన్నది నాకు ముఖ్యం కాదు.

పువ్వుల రాళ్లు ఎప్పుడూ చెక్కాకే ప్యాచింగ్‌కు వచ్చేవి గానీ, పేర్లకు మాత్రం పద్ధతి ప్రకారం ప్యాచింగ్ ముందు, అక్షరాలు తర్వాత. అక్షరాలు పడ్డాక జిగురు పట్టుకుని ఎవరూ రాయి దగ్గరికి పోకూడదు. శేషగిరిరావు ఆ వరస మార్చాడు. కోత దగ్గర, చెక్కడం దగ్గర ఎలాగూ కొత్త గుంటలు పడుతున్నాయి కదా, రెండుసార్లు ప్యాచింగ్ ఎందుకు, చివర్లో ఒక్కసారే చేస్తే సరిపోతుంది అన్నాడు. ఓడ టైముకు సరుకు అందించాలన్న ఆత్రం ఆయనది. నేను వద్దన్నాను. కనీసం అక్షరాల వరసల మీద కాగితం టేపు అంటించాకే బల్ల మీదికి పంపమన్నాను.

"అక్షరం ఏదో, గుంట ఏదో గుడ్డివాడికైనా తెలుస్తుంది మూర్తిగారూ. మీరు ప్రతిదానికీ ఒక రూలు తెస్తారు" అన్నాడు.

ఆ వారమే అంతకుముందు వెళ్లిన సరుకు చెన్నై పోర్టులో ఆగిపోతే, కాగితాల పని చూడమని నన్ను పంపారు. నేను లేని రోజుల్లో పోలండు రాళ్లు చెక్కడం ముగించుకుని, టేపు లేకుండా, ప్యాచింగ్ బల్ల మీదికి చేరాయి.

తిరిగి వచ్చేసరికి సగం రాళ్లు పెట్టెల్లోకి ఎక్కేశాయి. ఒక పెట్టె విప్పించి చూశాను. రాయి ముఖం మచ్చలేకుండా ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, ఒక నిమిషం పాటు ఆ పనితనానికి ముచ్చటపడ్డాను. తర్వాత పేరు చదివాను. జెడ్ మీద చుక్క లేదు. పక్క రాయి చూశాను, ఎన్ మీద గీత లేదు. ఓ మీద లేదు. ఎల్ నడుము గీత మాత్రం ఉంది, Ą కాలి దగ్గర తోక ఉంది. అక్షరానికి అంటుకుని ఉన్నవన్నీ మిగిలాయి, విడిగా నిలబడ్డవన్నీ పోయాయి. లైటు పక్క నుంచి పట్టి చూస్తే చుక్క ఉన్నచోట ఒక పిసరు ఎక్కువ మెరుపు. వేలితో తడిమితే ఏమీ తెలియడం లేదు. 

కోటమ్మ దగ్గరికి వెళ్లి, ఈ రాళ్ల సంగతేంటని అడిగాను. కోప్పడలేదు. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఏం చెప్పమంటారు సారూ. మస్తానుకు ఈసారి చెయ్యి చానా తప్పింది. ప్రతి రాయికీ గుంటే, అదీ పై వరసలోనే. షీటు చిరిగినట్టుంది. పిల్లోడి జీతం మొత్తం కోస్తారని ఎవురికీ చెప్పకండా అన్నీ పూడ్చేశాం. మీరూ అనబాకండి."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. చెక్కినవన్నీ పెద్దక్షరాలు. మనకు బోర్డుల మీద, లారీల మీద, బస్సుల మీద కనపడే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో దేని నెత్తి మీదా చుక్క ఉండదు. ఐ మీద కూడా ఉండదు. చదువుకున్నవాడైనా, చదువు లేనివాడైనా, జెడ్ పైన వేరుగా ఒక గుంట కనపడితే రాతి లోపమనే అనుకుంటాడు. బంగారు రంగు నింపి ఉంటే ఆమెకు తెలిసేదేమో. ఆ రంగు వాళ్ల దేశంలో వేసుకుంటామని వ్యాపారి ముందే చెప్పాడు కాబట్టి, చుక్కా గుంటా ఒకే బూడిదరంగులో ఉన్నాయి. ఆమె ఒక మనిషి తప్పు కాయబోయి, అతను చెయ్యని తప్పును తన నెత్తిన వేసుకుంది.

అవి గుంటలు కావని, పేరులో భాగమని చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. "పేరులోయా?" అని మాత్రం అని, బ్లేడు బల్ల మీద పెట్టేసి చేతులు చీరకు తుడుచుకుంది.

నేను నేరుగా శేషగిరిరావు గదికి వెళ్లాను. జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, చిన్న డ్రిల్లుతో మళ్లీ తొలిచేయొచ్చు, మస్తాన్‌నీ నన్నూ రెండు రోజులు వదిలేయండి, ఒక్క రాయి కూడా పాడుకాకుండా సరిచేస్తాను అన్నాను. అప్పటికి అది గోటితో పోయే పని. ఆయన ఓడ వెళ్లిపోతుందన్నాడు. చుక్క లేకపోతే కొంప మునిగేదేముంది, పేరు చదవడానికి వస్తోంది కదా అన్నాడు. మీ నాన్నగారి పేరులో దీర్ఘాలు పీకేసి సమాధి మీద చెక్కితే ఒప్పుకుంటారా అని అడిగాను. అడగవలసింది కాదేమో, కానీ అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. పెట్టెలకు మేకులు కొట్టమని బయటికి వచ్చి అరిచాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ ఇన్‌చార్జి వద్దన్న సరుకు బయటికి పోకూడదన్నది ఎగుమతి వ్యాపారంలో మొదటి నియమం. ఆ నియమం గోడ మీద ఫ్రేము కట్టి ఉండేది. దాని ముందు నుంచే లారీ వెళ్లిపోయింది.

కొన్ని వారాలకు ఫొటోలు వచ్చాయి. టోకు వ్యాపారి మనుషులు చాలా రాళ్లకు అక్కడే చుక్కలు తొలుచుకున్నారు. ఒక రాయిని మాత్రం ఎవరూ గమనించక సమాధి దగ్గర నిలబెట్టేశారట. అది మా ఇంటిపేరు కాదు, మా అమ్మ రాయి కాదు అని ఆ కుటుంబం పీకించి వెనక్కి పంపింది. ఫొటోలో ఆ రాయి గడ్డి మీద పడుకోబెట్టి ఉంది. జెడ్ పైన చుక్క ఉండవలసిన చోట ఎవరో తెల్ల సుద్దతో సున్నా చుట్టారు. ఆ సున్నా నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

యజమాని హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆఫీసు గదిలో విచారణ. శేషగిరిరావు, నేను, మస్తాన్, తలుపు దగ్గర కోటమ్మ. ఆమెకు కుర్చీ వెయ్యలేదు. వరస మార్చడం వల్ల జరిగిందని, టేపు అడిగానని, పెట్టెలు కదలకముందే ఆపమన్నానని నేను ఉన్నదున్నట్టు చెప్పాను. యజమాని నా మాట పూర్తిగా విన్నాడు. విని, అదంతా పద్ధతుల గొడవ, నాకు పూడ్చిన చెయ్యి ఎవరిదో కావాలన్నాడు. అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకోవడం కోడళ్లకే కాదు, కంపెనీలకూ అలవాటే.

మస్తాన్‌ను అడిగితే, "నా పని నేను కరెక్టుగానే చేశా సార్" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట తర్వాత అతను ఇంకో మాట చెప్పగలడు. పిన్ని ఎందుకు పూడ్చిందో అతనికి అప్పటికే తెలుసు. చెప్పలేదు. కోటమ్మ అతని వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆమె కూడా చెప్పలేదు. చెబితే ఇన్నాళ్లూ పూడ్చిన మస్తాన్ గుంటలన్నీ బయటికి వస్తాయని ఆమెకు తెలుసు. ఆ సంగతి నేను అందుకోబోతే, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది.

"నీకు చదువు రాదా? అక్షరం ఏదో తెలీదా?" అని శేషగిరిరావు గద్దించాడు.

"అచ్చరం ముక్క రాదని తెలిసే కదయ్యా పనిలో పెట్టుకున్నారు" అంది కోటమ్మ. "గుంట కనపడితే పూడ్చమన్నారు. పూడ్చా. ఆటిలో ఏది పేరో, ఏది గుంటో ఒక్కరన్నా చెప్పారా మాకు?"

ఆమె ఎదురు మాట్లాడిందన్నది కూడా కారణంలో కలిసింది. మరునాటి నుంచి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి నోటీసు అక్కర్లేదు. పర్మనెంటు ఊసు ఎవరూ ఎత్తలేదు. శేషగిరిరావు అదే కుర్చీలో ఉన్నాడు. నేను రాజీనామా చేస్తానన్నాను. మీ ఇష్టం, మీ తర్వాత ఆ రాళ్లు చూసేవాడు కూడా ఉండడు అన్నాడు యజమాని. నిజమే. ఉండిపోయాను.

చుక్కలున్న పేర్లతో మరో సరుకు మిరపకాయల కాలంలో తయారైంది. ఈసారి టేపు పెట్టారు, అక్షరాల పటం ప్యాచింగ్ బల్ల దగ్గర కూడా అంటించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా కంపెనీకి బాగా వచ్చు. రాళ్లు నా దగ్గరికి వచ్చాయి. చుక్కలన్నీ క్షేమం. గీతలన్నీ క్షేమం. కానీ రాళ్ల నిండా గుంటలు. టేపు లేని చోట కూడా, అంచుల్లో, వెనక వైపు, పేరుకు జానెడు దూరంలో కూడా, ఒక్క గుంటా పూడ్చలేదు. బల్ల దగ్గరికి వెళ్లి అడిగాను. అక్కడున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏది అచ్చరమో, ఏది కాదో మాకేం తెలుసు సార్. పూడిస్తే పని పోద్ది. పూడ్చకపోతే కోప్పడతారు, అంతే గదా" అంది ఒకామె.

సరుకంతా ఆపేశాను. ఈసారి లారీ కదలలేదు. మస్తాన్ చేతి గుంటలు కూడా తొలిసారి అందరికీ కనపడ్డాయి, అతని జీతంలో కోత పడింది. కొత్తవాళ్లకు నేర్పే ఓపిక ఎవరికీ లేదు, రాళ్లు ఎండలో నిలబడి ఉన్నాయి. అప్పుడు శేషగిరిరావు నన్ను పిలిచి, మీ మాట వింటుంది, వెళ్లి కోటమ్మను తీసుకురండి అన్నాడు. ఏమని పిలవమంటారని అడిగాను. పనికి రమ్మనండి అన్నాడు. పర్మనెంటు సంగతి అడిగితే, అది తర్వాత చూద్దామన్నాడు.

బొల్లాపల్లి దాటాక మట్టిరోడ్డు పక్కన ఎవరిదో కల్లం. ఎర్రగా ఎండబోసిన కాయల మధ్య కూర్చుని కోటమ్మ తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచి, సారూ అని పలకరించి, నీడన కూర్చోమని గోనెసంచి పరిచింది. మంచినీళ్లు ఇచ్చింది. మళ్లీ తన పనిలో కూర్చుంది. గాలికి కాయల ఘాటు ముక్కుకు తగిలి నాకు దగ్గు వచ్చింది, ఆమెకు రాలేదు. వచ్చిన పని చెప్పాను.

"పర్మనెంటు చేత్తామన్నారా?" అంది, చెయ్యి ఆపకుండానే.

ఆ మాట చెప్పలేదన్నాను.

"పోనీ, ఆ రోజు తప్పు నీది కాదులే అని చెప్పమన్నారా?"

అదీ చెప్పలేదన్నాను. నా అంతట నేను చెప్పగలను, చెప్పాను కూడా. ఆమె నా మాట తీసెయ్యలేదు, తల ఊపింది. కానీ అడిగింది నన్ను కాదు.

"అయితే ఆ గుంటలు అట్టనే ఉండనీండి సారూ. అయ్యి గూడా అచ్చరాలే అనుకోమనండి."

గోనెసంచి మడిచి పక్కన పెట్టి లేచాను. శేషగిరిరావుకు ఆమె రాదని చెప్పాను. ఎందుకు రాదని ఆయన అడగలేదు, ఎవరినైనా పట్టుకురమ్మన్నాడు. ఆ పోలండు వ్యాపారి తర్వాత మా దగ్గర ఉత్త రాళ్లే కొన్నాడు. పేర్లు వాళ్ల దేశంలోనే చెక్కించుకున్నాడు. మరో రెండేళ్లకు నేను పదవీ విరమణ చేశాను. కోటమ్మ తర్వాత ఎక్కడా పర్మనెంటు కాలేదు. ఆస్పత్రి కార్డు రాలేదు. ఆమె దగ్గు సంగతి వాళ్ల ఊరి ఆటో అతను చెప్పగా విన్నాను.

రాతి పనిలో చేరదలచుకున్నవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. చెప్పేది ఒకటే. లోపం రాయిలో ఏ దశలో పుట్టిందో కనిపెట్టడం ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. అది నేర్చుకుంటే వస్తుంది. ఆ లోపాన్ని ఎవరి మీద వెయ్యాలో నిర్ణయించడం ఇంకొకరి ఉద్యోగం. దానికి రాయి చూడవలసిన అవసరం కూడా లేదు.